టీచరమ్మ తెప్పించిన బ్లూ సీడీ

2005లో నారాయణఖేడ్ బస్ డిపోకు కొంచెం అవతల నాకు ఒక ఆడియో దుకాణం ఉండేది. పేరుకు ఆడియో దుకాణమే గానీ, క్యాసెట్లు, సీడీలు అమ్మడం, అడిగిన పాటలు కాపీ చేసి ఇవ్వడం, పెళ్ళిళ్ళకు మైకు సెట్టు కిరాయికి పంపడం, చెడిపోయిన టేప్ రికార్డర్లు విప్పి బాగుచేయడం, అన్నీ అందులోనే. కల్హేర్ వైపు నుంచి వచ్చేవాళ్ళు జానపదాలు అడిగేవాళ్ళు. బీదర్ వైపు చుట్టరికాలున్నవాళ్ళకు కన్నడ పాటలు కావాలి. క్రైస్తవ కుటుంబాలవాళ్ళు ఆత్మీయ గీతాలు కొనేవాళ్ళు. అందరికీ అన్నీ దొరికేవి.

నా పేరు వీరేశం. నాకు పుట్టుకతోనే అనుమానం ఎక్కువ, ఆ వ్యాపారం దాన్ని ఇంకా ముదరబెట్టింది. హైదరాబాద్ డీలర్ నకలు సరుకును అసలుదని అంటగడతాడు. గిరాకీ, అంటే కొన్నవాడు, తన టేపు రికార్డరు క్యాసెట్ రీలు నమిలేస్తే, కొన్నప్పుడే అట్లా ఉందని మీదికి వస్తాడు. ఇక కౌంటర్ చివరికి జరిగి, గొంతు తగ్గించి మాట్లాడేవాళ్ళు ఒక రకం. వాళ్ళకు కావలసింది ఒకటే, బ్లూ సీడీ. బూతు బొమ్మల సీడీకి మా వైపు అదే పేరు. నేను అవి పెట్టేవాణ్ణి కాదు. నీతి కోసమని చెప్పుకుంటే బాగుంటుంది గానీ, నిజానికి పోలీసుల భయం వల్ల.

అందుకే ఒక మధ్యాహ్నం ప్రేమలత టీచర్ వచ్చి కౌంటర్ చివరికి జరిగినప్పుడు నా గుండె ఝల్లుమంది.

ఆమె అమ్మాయిల బోర్డింగ్‌లో వార్డెన్. అంటే చుట్టుపక్కల ఊళ్ళ కూలి కుటుంబాల ఆడపిల్లలు ఉండి చదువుకునే హాస్టల్‌ను చూసుకునే మనిషి. వాళ్ళకు పాటలు నేర్పేది కూడా ఆమే. పెళ్ళి చేసుకోలేదు, అమ్మానాన్నలు పోయారు, బోర్డింగ్‌లో ఒక గదే ఆమె ఇల్లు. ఖేడ్‌లో ఆమెను చూసి గౌరవంగా లేచి నిలబడనివాళ్ళు తక్కువ.

"వీరేశం, ఒక ఇంగ్లీషు సీడీ గావాలె. హైదరాబాద్ పోయినప్పుడు తెస్తవా?" అంది, అటూ ఇటూ చూసి.

"తెస్త టీచరమ్మ. ఏం సీడీ?"

చీటీ ముక్క మీద పెద్ద పెద్ద అక్షరాలతో ఒక బ్యాండు పేరు రాసి ఇచ్చింది. రాసినట్టు లేదు, బొమ్మ గీసినట్టు ఉంది. ఆ పేరు నాకు అప్పుడు పలకరాలేదు, ఇప్పుడూ రాదు, కాబట్టి ఇక్కడ రాయను. "పాత బ్యాండు. నా చిన్నప్పటిది. దొరికితే మంచిది. కని జర ఎవ్వరికి చెప్పకు," అంది.

ఇంగ్లీషు పాటల సీడీ కొనడానికి ఎవ్వరికీ చెప్పకు అనడం ఏంటి? ఆ మాట దగ్గరే నా బుర్రలో పురుగు తొలవడం మొదలుపెట్టింది.

హైదరాబాద్‌లో నా డీలర్ ఆ చీటీ చూసి నవ్వాడు. ఎక్కడో వెనక నుంచి దుమ్ము దులిపి తీశాడు. అట్ట మీద ఒకే రకం కోట్లు వేసుకున్న తెల్ల పోరగాళ్ళు, జుట్టు కళ్ళ మీదికి పడుతోంది. పైన గ్రేటెస్ట్ హిట్స్ అని ఉంది. అంటే పేరు మోసిన పాటలన్నీ ఏరి ఒక్కచోట చేర్చినది. కింద ఇంకో ముక్క. బి, ఎల్, యు, ఇ. నా చేయి వెనక్కి వచ్చింది.

"గిదేంది భాయ్, బ్లూ అని ఉంది?"

"బ్లూ-ఐడ్ సోల్. నల్లోళ్ళు చర్చీలల్ల గుండె పగిలేటట్టు పాడుతరు సూడు, గా పద్ధతిల తెల్లోళ్ళు పాడితే గట్లంటరు. నీలి కండ్లోళ్ళు గద. సోల్ అంటే ఆత్మ. అరవైలల్ల మస్తు నడ్సినయ్ గీ పాటలు."

ఆ డీలర్ ఒకసారి నాకు ఖాళీ క్యాసెట్లకు రేపర్లు చుట్టి అమ్మినవాడు. వాడు పొద్దున అని చెప్తే నేను బయటికి వెళ్ళి సూర్యుణ్ణి చూసొచ్చే రకం. నీలి కళ్ళ ఆత్మ ఏమిటి, తెల్లవాళ్ళు నల్లవాళ్ళలా పాడటం ఏమిటి? నమ్మకుండానే కొన్నాను.

దుకాణానికి వచ్చి ముందు చేసిన పని, ఆ సీడీని ప్లేయర్లో వేసి, టీవీకి తగిలించి చూడటం. తెర నల్లగా ఉంది. ఒట్టి ఆడియో సీడీ, బొమ్మలు లేవు. కాస్త ఊపిరి పీల్చుకున్నాను. తర్వాత స్పీకర్లకు కలిపాను. మొదటి పాటలో డప్పుల్లాంటి డ్రమ్ములు, వెనక చర్చిలో వాయించే ఆర్గన్ లాంటిది. పాడేవాడు ఎవరినో బతిమాలుతున్నాడు. అర్థం కాకపోయినా ఆ బతిమాలడం మాత్రం బాగుంది. రెండోది, మూడోది కూడా అదే దారి. నేను టేప్ రికార్డరు తీగలు అతికే సోల్డరింగ్ పనిలో పడ్డాను.

నాలుగో పాట మొదలైంది. సోల్డరింగ్ గన్ పక్కన పెట్టేశాను.

అది మా పాట. "ఎండిన చెల్కకు మబ్బై రావా యేసయ్యా". నేను లింగాయతుణ్ణి, చర్చి మెట్లు ఎక్కినవాణ్ణి కాదు, అయినా ఆ పాట నాకు వచ్చు. వాన మొఖం చాటేసిన ఏడు మా చుట్టుపక్కల ఆ పాట వినబడని చెల్క, అంటే మెట్ట చేను, ఉండదు. పైగా బోర్డింగ్ పిల్లలు పాడగా దాన్ని క్యాసెట్టుగా రికార్డు చేసి అమ్మినవాణ్ణి నేనే. దాని మీద, చర్చి పాటల పుస్తకంలో ఉన్నట్టే, అచ్చు వేయించాను: మాటలు, రాగం, ప్రేమలత.

ఇప్పుడు అదే రాగాన్ని ఎవరో తెల్ల పోరగాడు, నేను పుట్టకముందు, నా స్పీకర్లోంచి పాడుతున్నాడు.

అనుమానం ఇప్పుడు వేరే దారి పట్టింది. టీచరమ్మ రాగం ఎత్తుకొచ్చిందా? ఎత్తుకొస్తే, తన దొంగతనానికి సాక్ష్యాన్ని తానే హైదరాబాద్ నుంచి ఎందుకు తెప్పించుకుంటుంది? విరిచి పారేయడానికా? లోకంలో ఇంకా ఎన్ని ఉన్నాయో తెలియదు గదా. ఎంత ఆలోచించినా లెక్క కుదరలేదు. సీడీని డబ్బాలో పెట్టి, టీచరమ్మ పేరు రాసిన చీటీ అంటించి, వెనక అరలో నిలబెట్టాను.

మరునాడు దానియేలు వచ్చాడు. ఎరువుల దుకాణం ఆయనది. బోర్డింగ్ కమిటీకి సెక్రటరీ కూడా. మైకు సెట్టు అడగడానికి వచ్చి, మాట్లాడుతూనే నా అరలన్నీ కళ్ళతో తడుముతున్నాడు. చీటీ మీద పేరు చూశాడు. లోపలికి చేయి చాపి డబ్బా తీసుకున్నాడు.

"గిది టీచర్‌దా?"

"ఆమెదే అన్నా. ఇంగ్లీషు పాటలు."

ఆయన ఇన్లే కార్డు, అంటే డబ్బాలో పెట్టే అచ్చు కాగితం, కళ్ళకు దగ్గరగా పెట్టుకుని అక్షరం అక్షరం కూడబలుక్కున్నాడు. "పాటలకు బ్లూ అని ఎందుకుంటది?"

"ఒట్టి బ్లూ కాదన్నా. బ్లూ-ఐడ్ సోల్. సోల్ అంటే ఆత్మ."

"బ్లూ ఆత్మనా?" అని డబ్బాను కాలినట్టు కౌంటర్ మీద పడేశాడు. "మైకు సంగతి మళ్ళ వచ్చి చెప్త."

మళ్ళీ రాలేదు. ఆయన మాట మాత్రం నాకంటే ముందే ఊరంతా తిరిగొచ్చింది. కల్హేర్ సంతకు వెళ్ళిన మా తమ్ముడు అక్కడ విన్నాడు, బోర్డింగ్ టీచరమ్మ బ్లూ సీడీ తెప్పించుకుందట అని. ఖేడ్‌కు తిరిగొచ్చేసరికి ఒక్క సీడీ కాస్తా పెట్టెడు సీడీలయ్యాయి. ఇంకో రెండు పూటలు గడిచేసరికి పిల్లలకు చూపిస్తోందట అన్నారు. నిప్పు లేనిదే పొగ రాదని ప్రతివాడూ అనేవాడే. నిప్పు నా అరలో ఉందని నన్ను చూసి నవ్వేవాళ్ళు వేరే. దానియేలు మరదలు ఒకామె చదువుకుని ఇంట్లో ఖాళీగా ఉందని నాకు తెలుసు. వార్డెన్ పని ఆమెకు ఇప్పించాలని ఈ మంట పెట్టాడేమోనని నా అనుమానం. రుజువు లేదు. ఇప్పటికీ లేదు. అనుమానం మాత్రం అట్లాగే ఉంది.

ఆ వారంలోనే టీచరమ్మ వచ్చింది. ఈసారి కౌంటర్ చివరికి జరగలేదు. నేరుగా లోపలికి వచ్చి స్టూలు మీద కూర్చుంది. ముఖం పీక్కుపోయింది.

"వచ్చే ఆదివారం ప్రార్థనయినంక మీటింగు పెడ్తున్నరు వీరేశం. నేను బోర్డింగ్ ఇడ్సిపెట్టి పోవాల్నట. ఎందుకని అడిగితే నీకే ఎరుక అంటున్నడు దానియేలు. ఇద్దరు తల్లులు వచ్చి బిడ్డల్ని తోల్కపోయిండ్రు. ఉన్న పిల్లలు ఏమైంది టీచర్ అని అడుగుతుండ్రు. ఏం చెప్పాలె?"

ఊళ్ళో తిరుగుతున్న బ్లూ సీడీ పుకారు ఆమెకు చెప్పేశాను. "నోటితోని చెప్పుడెందుకు టీచరమ్మ? సీడీ నేనే తెస్త. స్పీకర్లు పెట్టి అందరి ముంగట వినిపిద్దాం. పాటలే అని తెలిస్తే ఖతం. ఎవ్వని నోరు లేవది."

"వద్దు," అంది వెంటనే.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఉంది ఆ తొందర. ఆమె చేతిరుమాలు మడతపెడుతూ, "నువ్వు విన్నవా?" అని అడిగింది.

"విన్న."

"అండ్ల మన పాట ఉందా?"

అబద్ధం చెప్పొచ్చు. అడిగే ఆ ముఖం చూశాక నోరు రాలేదు. "ఉంది టీచరమ్మ. నాలుగోది."

"అయితే నాది కాదన్నట్టు," అంది మెల్లగా.

అప్పుడు చెప్పింది. చిన్నప్పుడు ఆమె మిషన్ దవాఖానలో పనిచేసే ఒక విదేశీ నర్సమ్మ ఇంట్లో ఊడ్చి తుడిచే పనికి పోయేది. ఆ నర్సమ్మ తన ఇల్లు యాదికొచ్చిన రోజున ఒక గ్రామఫోను పాటల ప్లేటు పెట్టుకుని వినేది, కళ్ళు తుడుచుకునేది. ప్లేటు అట్ట మీది దుమ్ము రోజూ తుడిచేది ఈమే. ఇంగ్లీషు రాదు, కానీ అట్ట మీది అక్షరాల ఆకారం కళ్ళలో ఉండిపోయింది. తర్వాత నర్సమ్మ వెళ్ళిపోయింది. ఏళ్ళ తర్వాత, వానలు లేక పిల్లలు నీళ్ళకు అల్లాడుతున్న ఒక వేసవిలో ఈ పాట నోట్లోకి వచ్చింది.

"వచ్చినప్పుడు నాదే అనుకున్న. నిజం చెప్తున్న. అందరు మెచ్చుకుంటుండ్రు, పుస్తకంల పేరు ఏసిండ్రు. కని ఒకొక్కసారి పాడుతాంటే నర్సమ్మ ఇంట్ల ఫినాయిల్ వాసనొస్తది. గప్పుడు షక్ అయితది, అనుమానమొస్తది. ఇన్నేండ్లయింది, గీ షక్‌తోని పరేషానైన. నాదో వాళ్ళదో తెలుసుకుందామని తెప్పిచ్చిన. తెలిసింది."

ఆమె అడిగితే తక్కువ శబ్దంతో ఆ పాట పెట్టాను. తల వంచుకుని విన్నది. రెండో చరణంలో ఒకచోట తలెత్తి, "గీడ వాళ్ళు మీదికి పోతుండ్రు, మనం కిందికి దిగుతం. గది నేనే మార్చిన్నో, నాకు గట్లనే యాదికుందో," అంది. ఆ మాత్రం తనదైనా చాలన్నట్టు ఉంది గొంతు.

నాకు ఆమె మీద జాలి, దానియేలు మీద కోపం ఒకేసారి పొంగాయి. ఇప్పుడు ఆమె చిక్కు చూడండి. సీడీ వినిపించకపోతే బ్లూ సీడీ మనిషి అవుతుంది. వినిపిస్తే పాట దొంగ అవుతుంది. ఎటు చూసినా ఆ గది పోతుంది, పిల్లలు పోతారు.

"టీచరమ్మ, నా దగ్గర రైటరుంది," అన్నాను. సీడీ నుంచి ఖాళీ సీడీకి పాటలు ఎక్కించే యంత్రాన్ని రైటరు అంటాం. ఒక్కో పాట ఒక్కో ట్రాకు. ఏ ట్రాకు కావాలంటే అది ఎక్కించొచ్చు, వద్దంటే వదిలేయొచ్చు. "నాలుగోది తీసేసి ఇంకో సీడీ రాస్త. గదే వినిపిద్దాం. ఎవ్వనికి ఎరుక?"

"తీసేస్తే పోతదా?"

"సీడీలకెల్లి పోతది."

ఆమె సరే అనలేదు, వద్దనీ అనలేదు. మా వ్యాపారంలో వద్దనని గిరాకీ సరే అన్నట్టే. ఆమె వెళ్ళగానే రాసేశాను. రాసిన సీడీని అసలు డబ్బాలో, ఆ తెల్ల పోరగాళ్ళ అట్ట వెనక పెట్టాను. అసలుదాన్ని కాగితంలో చుట్టి చొక్కా లోపలి జేబులో వేసుకున్నాను. దుకాణంలో వదిలి వెళ్తే నేను లేని సమయంలో ఎవడైనా తాళం తీస్తాడని అనుమానం.

ఆదివారం బోర్డింగ్ వరండా నిండిపోయింది. కమిటీవాళ్ళు కుర్చీల్లో, తల్లిదండ్రులు చాపల మీద, పిల్లలు గోడవారగా. పాస్టరయ్య మధ్యలో కూర్చున్నారు, మెత్తని మనిషి, ఎవరినీ నొప్పించలేక తానే నొచ్చుకునే రకం. బోరంచ వైపు నుంచి లచ్చవ్వ అనే కూలి మనిషి వచ్చింది. ఆమె బిడ్డ బోర్డింగ్‌లో ఏడో తరగతి. బిడ్డ ట్రంకు పెట్టెను అప్పుడే గదిలోంచి తెప్పించి పక్కన పెట్టుకుని కూర్చుంది. తీర్పు ఎట్లా వచ్చినా తీసుకుపోవడానికే వచ్చినట్టు ఉంది.

టీచరమ్మ ఒక పక్కన నిలబడింది. కూర్చోమని ఎవరూ అనలేదు.

నేను ప్లేయరు, స్పీకర్లు కలిపి, డబ్బా తెరవబోతుంటే దానియేలు లేచి వచ్చాడు. "జర ఆగు. నేను సూడాలె." డబ్బా లాక్కుని తెరిచి సీడీ తీశాడు. పైన అచ్చు బొమ్మ లేదు, ఒట్టిదే. వెనక్కి తిప్పాడు. నాలుగైదు రకాల ఖాళీ సీడీలు దొరికే రోజులవి. రాయడానికి వీలుగా కింద ఒక రంగు పూత ఉంటుంది, కొన్నిటికి ఆకుపచ్చ, కొన్నిటికి బంగారు రంగు. నా దరిద్రం కొద్దీ నేను వాడినదానికి నీలం.

ఎండలో అది మెరిసింది. దానియేలు దాన్ని పైకెత్తి వరండా అంతటికీ చూపించాడు.

"సూసిండ్రా! నీలంగ ఉంది! బ్లూ సీడీ అంటే గిదే గదా?"

చాపల మీద కలకలం లేచింది. ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఒకరిద్దరు పిల్లల కళ్ళు మూశారు, ఆ సీడీని చూస్తేనే పాపం అన్నట్టు. బ్లూ అంటే నిజంగా నీలంగానే ఉంటుందని అంతమంది నమ్ముతారని నేను కలలో కూడా అనుకోలేదు.

"అది పూత రంగు అన్నా! ఖాళీ సీడీలన్ని గట్లనే ఉంటయ్!" అని అరిచాను.

అరిచాక గాని ఏమన్నానో తెలియలేదు.

"ఖాళీ సీడీనా?" అన్నాడు దానియేలు. "అంటే గిది నకలు. నువ్వు రాసింది. మరి అసలుదేది వీరేశం? ఏం దాస్తున్నవ్?"

దొంగకు తేలు కుట్టినట్టయింది. కమిటీవాళ్ళు నన్ను, టీచరమ్మను మార్చి మార్చి చూస్తున్నారు. కాపాడబోయి ఆమెను ఇంకా లోతుకు నెట్టాను. పాస్టరయ్య కూడా తల దించుకున్నారు. ఎవరో వెనక నుంచి, "ఇద్దరు గల్సే ఉన్నరు," అన్నారు.

"అసలుదే పెట్టు వీరేశం," అంది టీచరమ్మ.

"టీచరమ్మా..."

"పెట్టుమంటున్న గద."

జేబులోంచి తీశాను. దానియేలు దాన్ని అటూ ఇటూ తిప్పి, వెండిలా ఉందని చూసుకుని, ఇచ్చాడు. పెట్టాను.

మొదటి పాట. మొదట ఎవరూ కదలలేదు, ఎక్కడ ఏ బూతు బయటపడుతుందో అని చెవులు రిక్కించి వింటున్నారు. ఆర్గన్ మోగగానే పాస్టరయ్య ముఖంలో కొంచెం రంగు వచ్చింది. రెండో పాటకు ఒక ముసలాయన తొడ మీద తాళం వేస్తున్నాడు. మూడోది అయ్యేసరికి మాటలు మొదలయ్యాయి. "పాటలే గదనే." "గీ మాత్రం దానికి ఇంత లొల్లా?" నా చెయ్యి మీట మీదికి పోయింది. "ఇగ చాలు గదా పాస్టరయ్యా?"

"చాలదు," అన్నాడు దానియేలు. "నడిమిట్ల ఆపుడెందుకు? మొత్తం విందాం."

నాలుగో పాట మొదలైంది.

గోడవార పిల్లలే ముందు గుర్తుపట్టారు. ఒకరి మొఖం ఒకరు చూసుకున్నారు. ఒక చిన్నది నెమ్మదిగా నోరు కదిపింది, పక్కది అందుకుంది. తెల్లవాడు ఇంగ్లీషులో బతిమాలుతుంటే, వాడి మీదుగా, "ఎండిన చెల్కకు మబ్బై రావా యేసయ్యా," అని పిల్లలు పాడేస్తున్నారు. చాపల మీద నుంచి తల్లులు కలిపారు. లచ్చవ్వ గొంతు అందరికంటే గట్టిగా వినిపించింది, అయితే ఆమె "యేసయ్యా" అన్నచోట "పోచమ్మా" అంటోంది. ఎవరూ పట్టించుకోలేదు. రెండో చరణంలో సీడీ మీదికి పోయింది, వీళ్ళు కిందికి దిగారు, మళ్ళీ పల్లవి దగ్గర అందరూ కలిశారు.

పాట అయిపోయింది. నేను మీట నొక్కాను. ఇక పడుతుంది పిడుగు అని ఎదురుచూశాను.

దానియేలు ఎర్రబడ్డ ముఖంతో లేచి నిలబడ్డాడు. "గీ తెల్లోళ్ళు మన టీచర్ పాట ఎత్కపోయిండ్రు!"

వరండా అంతా ఒక్కసారి భగ్గుమంది. "అవునే, మన పాటే!" "ఎట్ల దొరికింది వాళ్ళకు?" "గా క్యాసెట్టు అమ్మింది వీరేశమే గద, వాని తాననుంచే పోయుంటది!" ఉరుము ఉరిమి మంగళం మీద పడ్డట్టు మళ్ళీ నా మీదికి తిరిగింది. దానియేలు కేసు వేయాలంటున్నాడు. "అందుకే టీచర్ సప్పుడు చేయకుండ తెప్పిచ్చింది, సాక్ష్యం కోసం! ముందుగాల్నే చెప్పొద్దా టీచర్?" బ్లూ మాట ఎవరికీ గుర్తే లేదు. కమిటీలో ఒకాయన కుర్చీ తెచ్చి టీచరమ్మ ముందు వేశాడు.

అట్ట మీది పోరగాళ్ళ జుట్టు, కోట్లు చూసినవాడెవడైనా అవి ఏనాటివో చెప్పగలడు. కానీ ఆ రోజు ఆ వరండాలో ఎవరికీ చెప్పాలని లేదు. నేను టీచరమ్మ వైపు చూసి, కూర్చోమని, ఊరుకోమని కళ్ళతోనే వేడుకున్నాను. ఆమె ఉద్యోగం, గది, పేరు, పోయినవన్నీ తిరిగి వచ్చాయి. నోరు మూసుకుంటే చాలు.

ఆమె కుర్చీలో కూర్చోలేదు.

"వాళ్ళు ఎత్కపోలే," అంది. "నేనే వాళ్ళ తాన తెచ్చుకున్న. గీ పాట నా చిన్నప్పటిది, మీలో సగం మంది పుట్టకముందటిది. నర్సమ్మ ఇంట్ల విన్న. మాటలు నావి. రాగం వాళ్ళది. నాదే అనుకొని ఇన్నేండ్లు పేరు పెట్టుకున్న. గిది తెలుసుకునేందుకే తెప్పిచ్చిన."

నాకు ఏడుపొచ్చింది, కోపం కూడా వచ్చింది. ఇంత చేస్తే ఆఖరికి తన గొయ్యి తానే తవ్వుకుంటుందా ఈ మనిషి?

దానియేలు తేరుకున్నాడు. కేసు వేయాలన్నవాడికి ముఖం ఎటు పెట్టుకోవాలో తెలియలేదు. "సీడీ సంగతి సరే," అన్నాడు చివరికి, "మరి గీ దొంగతనం సంగతేంది? పిల్లల మీద పెద్దరికం చేసే మనిషి..."

"ఓ పటేలా," అంది లచ్చవ్వ చాప మీద నుంచి. "నేను గూడ యేసయ్య పేరు తీసి పోచమ్మ పేరు పెట్టి పాడుకుంటున్న. కలుపు తీసేటప్పుడు మా వాడకట్టంత గట్లనే పాడుతది. మేము గూడ దొంగలమేనా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె నవ్వలేదు. లేచి నిలబడింది.

"ఇంతసేపు నాకు షక్కే ఉండె. పాటలు విన్నంక గూడ పోలే. ఏమో, గిండ్ల లేకుంటే ఇంకో దాంట్ల ఉండొచ్చు అనుకున్న. కని గీమె సప్పుడు చేయకుండ కూసుంటే మనకెవ్వరికన్న ఎరుకయ్యేదా? నల్లపోచమ్మ మీద ఒట్టు, నేనైతే చెప్పకపోదును. చెప్పకున్నా నడిచేదాన్ని నోరు తెరిచి చెప్పినామె తాన నా బిడ్డను ఉంచకపోతే, ఇంకెవరి తాన ఉంచాలె?"

ఆ మాట అని ట్రంకు పెట్టె నెత్తికెత్తుకుని, కమిటీవాళ్ళ మధ్య నుంచి దారి చేసుకుంటూ, పిల్లల గదిలోకి తీసుకెళ్ళి పెట్టొచ్చింది.

పాస్టరయ్య మొదటిసారి నోరు విప్పారు. "ఇంకేమన్న ఉందా దానియేలూ?" దానియేలు వెళ్ళి తన కుర్చీలో కూర్చున్నాడు. టీచరమ్మ అప్పుడు కూర్చుంది, కూర్చుని కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది. పిల్లలు ఆమె చుట్టూ చేరారు.

తర్వాత చాలా ఏళ్ళు ఆమే వార్డెన్‌గా ఉంది. పాటల పుస్తకం మళ్ళీ అచ్చయినప్పుడు రాగం పక్కన ఆమె పేరు తీసేయమని తానే అడిగింది. అక్కడ ఏం వేయాలో కమిటీ తేల్చుకోలేకపోతే, "విన్నది" అని వేయించింది. పాట మాత్రం ఆగలేదు. ఎవరి దేవుడి పేరు పెట్టుకుని వాళ్ళు పాడుతూనే ఉన్నారు. నా దుకాణం సంగతి అంటారా, సెల్‌ఫోన్లలోకి పాటలు వచ్చాక మూతపడింది. ఇప్పుడు ఒట్టి మైకు సెట్లే.

ఆ గొడవ నాకు నేర్పింది ఇది. నా మీదో నా గిరాకీ మీదో నింద పడితే, అప్పటిదాకా నేను రుజువు కోసం పరిగెత్తేవాణ్ణి. ఆ రోజు రుజువు నా ప్లేయర్లోనే ఉంది, మూడు పాటలకే తేలిపోయింది, అయినా లచ్చవ్వ ట్రంకు పెట్టె తిరిగి లోపలికి పోలేదు, టీచరమ్మ చెప్పనక్కర్లేని నిజం చెప్పాకే పోయింది. రుజువు చూపిస్తే జనం నోరు మూసుకుంటారు, అంతే. నా బిడ్డను నీ దగ్గర ఉంచుతానని ఒక తల్లి అనడానికి అది చాలదు. నాలాంటి అనుమానపు మనిషికి ఈ సంగతి అర్థం కావడానికి ఒక ఆదివారం పట్టింది, మింగుడు పడటానికి మాత్రం చాలా ఏళ్ళు పట్టింది.